బండెక్కించే బల్లకీ ఓ లెక్కుంది

ర్యాంపు అనగానే మన గోదావరి వాళ్లకి ముందు గుర్తొచ్చేది ఇసుక ర్యాంపే. నేను చెప్పబోయేది దాని గురించి కాదు. చిన్న ట్రక్కు వెనక డోరు దించి, నేల మీంచి తొట్టిలోకి వాల్చే చెక్క గురించి. ‘ఆడవాళ్ల పేజీలో ఈ చెక్కల గోలేమిటి?’ అని మొహం చిట్లించకండి. 2005లో టాటా ఏస్ వచ్చిన దగ్గర్నించీ ఇలాంటి చిన్న బండ్లు మన సందుల్లోకీ, కాలవ గట్ల మీదికీ కూడా వచ్చేశాయి. కడియపులంకలో మొక్కలు ఎక్కేది వాటిలోనే, రావులపాలెంలో అరటి గెలలు ఎక్కేదీ వాటిలోనే. అద్దిల్లు మారితే మన ఫ్రిజ్జూ, బీరువా ఎక్కేవీ అవే. ఇంట్లోనే వంటలు చేసి పెళ్లిళ్లకి పంపే ఆడవాళ్లు సాంబారు గుండిగ ఎక్కించేదీ వాటిలోకే.

బండి కొనేటప్పుడు ఇంటాయన మైలేజీ చూస్తాడు, టైర్లు చూస్తాడు, ఫైనాన్సు వడ్డీ నాలుగు చోట్ల కనుక్కుంటాడు. ఎక్కించే చెక్క మాత్రం ఎప్పుడో స్లాబు పోసినప్పుడు మిగిలిన సెంట్రింగు చెక్క! మరి ఆ చెక్క మీద రోజుకి యాభైసార్లు ఎక్కి దిగేది ఎవరు? నర్సరీల్లో చూడండి, సగానికి సగం మనవాళ్లే.

కిందటేడు వానల్లో, కడియం వైపు మా దూరపు బంధువుల తోటలో ఒకావిడ నెత్తిన కుండీతో ఎక్కుతుంటే చెక్క పక్కకి జారింది. మణికట్టు విరిగింది. రెండు నెలలు పని లేదు. పలకరించడానికి వెళ్తే, ‘‘కట్టు కట్టించారండీ, కాదనకూడదు. కూలి ఎవరిత్తారండీ?’’ అంది. ‘‘ఆ చెక్క తడిసిందంటే సేపలా జారిపోద్దండీ. సెప్తే, ఎన్నాళ్లనించో ఎక్కుతున్నారు గదా అంటారు’’ అని కూడా అంది.

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. వడ్రంగినీ, వెల్డింగు షాపు అబ్బాయినీ, బండి తోలేవాళ్లనీ అడిగి, నేనూ టేపు పట్టుకు కొలిచి తెలుసుకున్న సంగతులివి.

ముందు ఎత్తు కొలవండి

బండిని చదునైన నేల మీద పెట్టి, వెనక డోరు దించి, నేల నుంచి తొట్టి అంచు దాకా కొలవాలి. అన్ని బండ్లకీ ఒకే ఎత్తుండదు. మా వీధిలో ఆగే బండికి రెండున్నర అడుగులు వచ్చింది. ఖాళీ బండి ఎత్తు ఎక్కువ, సరుకు నిండితే బండి కుంగుతుంది కాబట్టి ఖాళీగా ఉన్నప్పుడే కొలవాలి.

ఇక పొడవు. ఇది మనం స్కూల్లో చదివిన వాలుతలం పాఠమే. రెండున్నర అడుగుల ఎత్తుకి అయిదడుగుల చెక్క వాల్చామనుకోండి. చక్రాల ట్రాలీ మీద వంద కిలోల సరుకు నెట్టాలంటే సుమారు యాభై కిలోల బలం పెట్టాలి. అదే చెక్క పదడుగులైతే పాతిక కిలోల బలం చాలు. చక్రాల రాపిడికి ఇంకాస్త కలుపుకోండి. పొడవు రెట్టింపయితే శ్రమ సగమవుతుందన్నమాట. మనిషి బరువుతో నడిచి ఎక్కాలంటే ఎత్తుకి కనీసం నాలుగింతల పొడవుంటే మేలు.

‘పదడుగుల చెక్క బండిలో పట్టేదెలా?’ అంటారు కదూ? ఏస్ తొట్టి పొడవే ఏడడుగుల దరిదాపు. అందుకే మడత బందులు వేసి రెండు ముక్కలుగా మడిచేలా చేయించుకోవాలి. మడత దగ్గరే బలహీనం కనుక అక్కడ కింద ఒక కాలు ఉండాలి.

ఒక హెచ్చరిక. చక్రాల కుర్చీలో మనిషి కూర్చుని ఉండగా ఈ ర్యాంపుల మీద ఎక్కించే సాహసం చేయకండి. కుర్చీకి అంగుళం ఎత్తుకి అడుగు పొడవు కావాలన్నది ప్రమాణం. రెండున్నర అడుగులకి ముప్ఫయి అడుగులు! ఇంటి గుమ్మం మెట్టుకి ఆ లెక్కన కట్టించుకోవచ్చు గానీ, ట్రక్కుకి కుదిరే పని కాదు.

చెక్కా, ఇనుమా, అల్యూమినియమా?

కోనసీమలో పంట బోదె దాటాలంటే కొబ్బరి దుంగే వంతెన. మన కాళ్లకి అది అలవాటే. కానీ నెత్తిన బరువుతో ఏటవాలుగా ఎక్కడం వేరు.

చెక్క చవక, ఊళ్లోనే దొరుకుతుంది. మందం విషయంలో మాత్రం పిసినారితనం పనికిరాదు. అదే వెడల్పున్న చెక్కకి మందం రెట్టింపు చేస్తే విరగకుండా మోసే శక్తి నాలుగింతలవుతుంది. అంగుళం చెక్కకీ రెండంగుళాల చెక్కకీ అంత తేడా! ముడులున్న చెక్కా, చివర చీలిన చెక్కా వద్దు. వానాకాలం పాచి పడుతుంది కాబట్టి పని అవగానే కడిగి నిలబెట్టి ఆరనివ్వాలి.

ఇనుము గట్టిది, కానీ బరువు. సముద్రపు గాలి తగిలే అంతర్వేది, నరసాపురం వైపు తుప్పు కూడా తొందరగా పడుతుంది. ఏటా రంగు వేయాల్సిందే. అల్యూమినియం బరువు ఇనుములో మూడో వంతు. ఆడవాళ్లిద్దరు సునాయాసంగా తీసి పెట్టుకోవచ్చు. ధర ఎక్కువే గానీ, వెన్నునొప్పి ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

కొనేటప్పుడు ఎన్ని కిలోలు మోస్తుందో అడగండి. జతగా అమ్మే ర్యాంపుల మీద రాసి ఉండే బరువు జతకా, ఒక్కదానికా అని మరీ మరీ అడగండి. సరుకు బరువొక్కటే కాదు, ట్రాలీ బరువూ, నెట్టే మనిషి బరువూ కలపాలి. ఆ మొత్తానికి రెట్టింపు మోసేది తీసుకుంటే నిశ్చింత.

జారేది కాళ్లే కాదు

పడవలోంచి ఒడ్డుకి దూకితే పడవ వెనక్కి పోవడం మీరు చూసే ఉంటారు. ర్యాంపూ అంతే. మనం పైకి నెట్టుకెళ్తుంటే అది వెనక్కి తన్నుకుంటుంది. అందుకే పై చివర డోరు అంచుని పట్టుకునే కొక్కేలు, వాటికి తోడు గొలుసు ఉండాలి. మా బంధువుల తోటలో చెక్క జారింది ఈ కొక్కెం లేకే. వెల్డింగు షాపులో ఒక పూట పని!

కాళ్లకి పట్టు దొరకడానికి అడుగుకొకటి చొప్పున అడ్డ బద్దీలు కొట్టించండి. మేకుల తలలు పైకి తేలకూడదు, అరికాళ్లతో నడిచేవాళ్లున్నారు. ట్రాలీ వెళ్లాలంటే బద్దీలు అడ్డం కాబట్టి పాత టైరు రబ్బరు పరిస్తే మంచిది. రెండు పక్కలా రెండంగుళాల అంచు ఉంటే చక్రం పక్కకి పోదు. మన నేల బురద నేల కనుక, కింది చివర దిగబడకుండా ఓ పలక వేయండి. బండికి హేండ్‌బ్రేకు వేసి, చక్రాల కింద రాళ్లు పెట్టాకే పని మొదలు.

దించేటప్పుడు బరువుకి కింది వైపు ఎవరూ నిలబడకూడదు. పైనుంచి తాడుతో పట్టి దించాలి. బిందె బోర్లాపడితే సొట్టే పడుతుంది, బీరువా మీద పడితే మనిషి మిగలదు.

స్కూటరైనా, ఆవైనా

స్కూటీ బరువు వంద కిలోల దరిదాపు. పొట్టి ర్యాంపు మీద ఎక్కిస్తే పై అంచు దగ్గర దాని పొట్ట ఆనుకుని ఇరుక్కుపోతుంది. దానికీ పొడవే మందు. ఇంజను ఆపి, ఒకరు హేండిలు, బ్రేకు పట్టుకుంటే, ఇంకొకరు పక్కనుంచి నెట్టాలి. నెట్టే మనిషి నడవడానికి పక్కన రెండో చెక్క కావాలి సుమా.

ఆవునో గేదెనో ఎక్కించడం వేరే విద్య. సందుల్లోంచి నేల కనబడితే అది అడుగెయ్యదు. అడుగేస్తే చప్పుడయ్యే రేకు మీదా ఎక్కదు. పైన గోనెలు పరిచి, గడ్డి చల్లి, రెండు పక్కలా వెదుళ్లు కట్టాలి. తోక మెలిపెట్టి తోలితే కాలు విరిగే ప్రమాదం. ఒక గూడ్సు బండిలో ఆరు పశువులకి మించి ఎక్కించకూడదని 1978 నాటి పశు రవాణా నిబంధనలు చెబుతున్నాయి. 1986 వరదలు చూసిన పెద్దవాళ్లనీ, 2022 జూలై వరద చూసిన మనల్నీ అడిగితే చెబుతాం, లంకల్లో నీళ్లొచ్చాక పశువుని ఎక్కించడానికి చెక్క వెతుక్కునే వ్యవధి ఉండదని. పాలమ్మి పిల్లల్ని చదివించుకునే ఇల్లాలికి ఆ ఆవే జీతం రాళ్లు. వరద రోజుల్లో పాడి ఉన్న ప్రతి పేటకీ ఒక మంచి ర్యాంపు సిద్ధంగా ఉండాలి.

అరుగుంటే సగం పని తీరినట్టే

రోజూ ఒకేచోట సరుకెక్కించే వాళ్లకి అసలు ర్యాంపే అక్కర్లేదు. రైల్వే గూడ్సు షెడ్డు చూడండి, ప్లాట్‌ఫారం ఎత్తు వ్యాగన్ ఎత్తుకి సరిపోతుంది. మన పాతిళ్లకి వీధరుగులు ఉండేవి కదా, అలాంటి అరుగు బండి ఎత్తున కట్టించి, అవతలి వైపు నుంచి మెల్లగా మట్టి వాలు పోస్తే చాలు. మధ్యన రెండడుగుల పలక వేసి సరాసరి నడిచి వెళ్లిపోవచ్చు. తోట పక్కన కాలవ గట్టుంటే బండిని గట్టు దిగువన పెట్టి, గట్టు మీంచి నడిపించే తెలివి మన రైతులకి ఎప్పటినుంచో ఉంది.

కూలి మాటేమిటి?

ఈ మాటలన్నీ చెబితే ఆ తోటలో ఒక పెద్దావిడ, ‘‘ర్యాంపూ ట్రాలీ వచ్చేత్తే నలుగురి పని ఇద్దరు చేసేత్తారు. మిగతా ఇద్దరం ఏం కావాలమ్మా?’’ అంది. కొట్టిపారేసే ప్రశ్న కాదది. అందుకే మనిషికింత అని కాకుండా బండికింత అని జట్టుతో మాట్లాడుకోవాలి. అప్పుడు ట్రాలీ వచ్చినా కూలి తగ్గదు, నడుము మాత్రం మిగులుతుంది.

మగవాడైనా సరే చేతులతో మోసే బరువు 55 కిలోలకి మించరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది, ఆడవాళ్లకి అంతకన్నా బాగా తక్కువుండాలంది. మన ధాన్యం బస్తా 75 కిలోలు! యూరియా బస్తాని 2018లో 50 నుంచి 45 కిలోలకి తగ్గించారంటే, మార్చాలనుకుంటే బస్తా కూడా మారుతుందన్నమాటే కదా.

మీ ఇంట్లో బండుంటే, తోటుంటే, ఈ ఆదివారం ఒక్కసారి ఆ చెక్క బయటికి తీయించండి. దాని మీద మీరు ఖాళీ చేతులతో ఎక్కి దిగి చూడండి. మీకు భయమేసిందా, అయితే రేపు నెత్తిన కుండీతో ఎక్కే మనిషికి అది తగదు. కొత్తది చేయించే ముందు ఆ మనిషినే పిలిచి అడగండి, ఎంత వెడల్పు కావాలో, ఎక్కడ జారుతోందో. బండి ఎవరు కొన్నా, చెక్క ఎంచాల్సింది దాని మీద నడిచేవాళ్లే.