అందమైన నీళ్ళ దీవి

ఒక నది వెంట, పుట్టిన చోటు నుండి సముద్రంలో కలిసే చోటు వరకు నడిచి చూస్తే, ఆ ప్రాంతపు ప్రకృతీ చరిత్రా ప్రజల జీవనమూ ఒకే దారిలో ఎదురవుతాయి. మహానదుల వెంట అటువంటి యాత్ర చేయడానికి నెలలు పడుతుంది. కరీబియన్ సముద్రపు చిన్న దీవులలో నదులు చాలా పొట్టివి. ఉదయం బయలుదేరి కొండ మీది జలపాతాలు చూసి, సాయంకాలానికి సముద్రతీరం చేరుకోవచ్చు. గ్వాడెలూప్ దీవిలోని గ్రాండ్ కార్బే అటువంటి నది. దాని మీది మూడు జలపాతాలను చూడడానికి దేశదేశాల నుండి యాత్రికులు వస్తారు. ఆ ఒక్కరోజు ప్రయాణంలో కనిపించేవి, కనిపించకుండా ఉండేవి కూడా తెలుసుకోదగినవే.

గ్వాడెలూప్ అట్లాంటిక్ మహాసముద్రానికీ కరీబియన్ సముద్రానికీ నడుమ ఉన్న దీవుల వరుసలో ఒకటి. భౌగోళికంగా అమెరికా ఖండానికి చెందినా, పరిపాలనలో అది ఫ్రాన్సు దేశంలో భాగం. 1946లో దానికి ఫ్రాన్సులోని ఇతర జిల్లాలతో సమానమైన హోదా లభించింది. అక్కడి అధికార భాష ఫ్రెంచి. ఇళ్ళలో వినిపించేది క్రియోల్. పటంలో ఆ దీవి రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలా కనిపిస్తుంది. తూర్పు రెక్క పేరు గ్రాండ్‌టేర్. అది సున్నపురాతితో ఏర్పడిన పల్లపు నేల. పడమటి రెక్క పేరు బాస్‌టేర్. అది అగ్నిపర్వతాలు పేర్చిన కొండల నేల. రెండింటినీ సన్నని ఉప్పునీటి పాయ విడదీస్తుంది. జలపాతాలన్నీ పడమటి రెక్కలోనే ఉన్నాయి.

ఐరోపావారు ఆ దీవిని మొదట చూసింది 1493 నవంబరులో. రెండవ సముద్రయాత్ర చేస్తున్న కొలంబస్ ఓడలలో చాంకా అనే వైద్యుడు ఉన్నాడు. తాను చూసిన వింతలను అతడు ఒక లేఖలో వర్ణించాడు. ఇంకా దూరంగా ఉండగానే, మబ్బులను తాకుతున్న కొండ మీద తెల్లని చార ఒకటి ఓడలవారికి కనిపించిందట. అది తెల్లని రాయి అని కొందరు, కాదు నీరే అని కొందరు పందెం వేసుకున్నారట. దగ్గరకు వచ్చేసరికి అది అంతెత్తు నుండి దూకుతున్న జలపాతమని తేలింది. అది కార్బే జలపాతాలలో ఒకటని చెబుతారు. కొలంబస్ ఆ దీవికి స్పెయిన్‌లోని ఒక ప్రసిద్ధ మేరీమాత ఆలయం పేరు పెట్టాడు. అప్పటికే అక్కడ నివసిస్తున్న కరీబు జాతివారు దానిని ‘కరుకేరా’ అని పిలిచేవారు. ఆ మాటకు ‘అందమైన నీళ్ళ దీవి’ అని అర్థం చెబుతారు.

నేటి యాత్రికులు సాధారణంగా ప్వాంతాపిత్ర్ నగరం నుండి గాని, దాని చుట్టుపక్కల ఊళ్ళ నుండి గాని చిన్న బస్సులో బయలుదేరుతారు. వెంట ఒక మార్గదర్శి ఉంటాడు. బస్సు వంతెన మీదుగా ఉప్పునీటి పాయను దాటి, బాస్‌టేర్ తూర్పు తీరం వెంబడి దక్షిణానికి సాగుతుంది. ఎడమవైపు సముద్రం, కుడివైపు అరటితోటలు. తోటలలో గెలలకు నీలిరంగు ప్లాస్టిక్ సంచులు తొడిగి ఉంటాయి. కాపెస్టేర్ బెల్ ఓ అనే ఊరు దాటిన కొంతసేపటికి దారి కొండవైపు మలుపు తిరుగుతుంది. ఫ్రెంచి భాషలో ‘బెల్ ఓ’ అంటే అందమైన నీరు. దీవి పాత పేరులోనూ నీరే, ఊరి పేరులోనూ నీరే.

దారి ఎక్కేకొద్దీ గాలి చల్లబడుతుంది. అరటితోటలు వెనుకబడి అడవి మొదలవుతుంది. ఇక్కడ ఇంత నీరు ఎక్కడిదన్న ప్రశ్న యాత్రికులకు సహజంగానే కలుగుతుంది. అట్లాంటిక్ మీదుగా తూర్పు నుండి వీచే వ్యాపార పవనాలు తేమను మోసుకొస్తాయి. ఎదురుగా కొండ అడ్డురావడంతో గాలి పైకి లేస్తుంది. పైకి లేచిన గాలి చల్లబడుతుంది. అందులోని ఆవిరి మేఘమై, వానై కురుస్తుంది. ఇక్కడి సుఫ్రియేర్ అగ్నిపర్వతం ఎత్తు 1,467 మీటర్లు. తూర్పు కరీబియన్ దీవులలో అంతకంటె ఎత్తైన శిఖరం లేదు. దాని తల మీద ఏటా సుమారు పది మీటర్ల వాన పడుతుంది. మబ్బు వీడి శిఖరం స్పష్టంగా కనిపించే రోజులు తక్కువ. అందుకే మార్గదర్శులు ఉదయమే కొండ ఎక్కించడానికి తొందరపడతారు.

ఆ అడవి 1989లో ఏర్పడిన గ్వాడెలూప్ జాతీయ వనంలో భాగం. అక్కడ ఫెర్న్ మొక్కలు చెట్లంత ఎత్తుకు పెరుగుతాయి. ఒక చెట్టు కొమ్మల మీద మరెన్నో మొక్కలు వేళ్ళూని బతుకుతుంటాయి. ‘గొమియే’ అనే మహావృక్షపు బోదెను తొలిచి కరీబులు పడవలు చేసుకునేవారు. ప్రపంచంలో మరెక్కడా లేని ఒక నల్లని వడ్రంగిపిట్ట ఈ దీవిలో ఉంది. అడవి నేల స్పంజిలా వాననీటిని పీల్చుకుని, ఊటలుగా నెమ్మదిగా వదులుతుంది. వాన లేని రోజులలో కూడా నది పారడానికి కారణం ఇదే.

గ్రాండ్ కార్బే సుఫ్రియేర్ తూర్పు వాలు మీద పుట్టి, మూడు మెట్లుగా దిగుతుంది. మొదటి జలపాతం ఎత్తు సుమారు 115 మీటర్లు. దానిని చేరుకోవడానికి బురద దారిలో గంటల తరబడి నడవాలి. రెండవది సుమారు 110 మీటర్లు. ప్రవేశద్వారం నుండి అరగంట లోపే దాని ఎదుటి వేదికను చేరుకోవచ్చు గనుక ఎక్కువమంది చూసేది దీనినే. మూడవది దిగువన ఉంది. ఎత్తు ఇరవై మీటర్లే అయినా, మూడింటిలోనూ నీటి పరిమాణం దానిలోనే ఎక్కువ.

ఈ మెట్లు అగ్నిపర్వతం నుండే వచ్చాయి. అది పొంగినప్పుడల్లా లావా పారి గట్టి రాతిపొరగా పేరుకుంది. లావాతో పాటు ఎగసిపడిన బూడిద, రాళ్ళముక్కలు మెత్తని పొరలుగా పరుచుకున్నాయి. నది మెత్తని పొరను త్వరగా కోస్తుంది. గట్టి పొర మాత్రం అంచుగా నిలుస్తుంది. అడుగున ఉన్న మెత్తని నేల తొలగిపోయాక, పైనున్న అంచు ఆధారం లేక విరిగిపడుతుంది. అలా జలపాతం తరతరాలుగా కొంచెం కొంచెంగా వెనక్కు జరుగుతూ ఉంటుంది. నిలకడగా కనిపించే ఆ కొండగోడ నిజానికి నిత్యం మారుతున్న గోడ.

ఆ మార్పు ఒక్కొక్కసారి క్షణాలలో జరిగిపోతుంది. 2004 నవంబరు 21న గ్వాడెలూప్‌కు దక్షిణాన సముద్రంలో పెద్ద భూకంపం వచ్చింది. ఆ భూకంపం వల్ల, భారీవర్షాల వల్ల కొండచరియలు విరిగిపడ్డాయి. ఒకప్పుడు యాత్రికులు రెండవ జలపాతం పాదం వరకు వెళ్ళి, అక్కడి మడుగులో స్నానం చేసేవారు. ఆ తరువాత అటు వెళ్ళడాన్ని అధికారులు నిషేధించారు. ఇప్పుడు వేదిక మీద నుండే చూడాలి. ఇంత దూరం వచ్చి నీటిని తాకకుండా పోవడమా అని నిరాశపడేవారు ఉంటారు. మార్గదర్శి అసలు పని అటువంటి చోటనే తెలుస్తుంది. రాయి ఎప్పుడు జారుతుందో ఎవరూ చెప్పలేరు. కొండ మీద వాన కురిస్తే, కింద ఎండ కాస్తున్నా నది ఒక్కసారిగా పొంగవచ్చు. తేటనీరు బురదరంగుకు తిరిగితే వెంటనే గట్టెక్కాలి. ప్రకృతి అందం వెనుక దాని నియమాలు కూడా ఉన్నాయని మార్గదర్శి హెచ్చరిస్తాడు.

ఆ కొండ ఇంకా చల్లారలేదు. 1976లో సుఫ్రియేర్ ఆవిరినీ బూడిదనూ చిమ్మడం మొదలుపెట్టినప్పుడు డెబ్బై వేలకు పైగా ప్రజలను ఇళ్ళు విడిపించి దూరంగా తరలించారు. ప్రమాదం ఎంతటిదన్న విషయంలో శాస్త్రవేత్తల మధ్య తీవ్రమైన వాదోపవాదాలు జరిగాయి. భయపడినంత విస్ఫోటం జరగలేదు. కొన్ని నెలల తరువాత జనం తిరిగి వచ్చారు. నేటికీ శిఖరం మీద గంధకపు వాసనతో ఆవిరులు లేస్తూనే ఉన్నాయి. శాస్త్రవేత్తలు దానిని రాత్రింబవళ్ళు కనిపెట్టి ఉంటారు.

మధ్యాహ్నం దాటాక బస్సు అదే దారిలో కిందికి దిగుతుంది. ఉదయం అందంగా కనిపించిన అరటితోటలు మళ్ళీ వస్తాయి. వాటి కథ తెలిసిన మార్గదర్శి ఉంటే యాత్రలో అతి ముఖ్యమైన పాఠం ఇక్కడే మొదలవుతుంది. అరటి దుంపను తొలిచే ముక్కుపురుగును చంపడానికి 1972 నుండి ఈ తోటలలో క్లోర్డికోన్ అనే పురుగుమందును వాడారు. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో దానిని తయారుచేసే కర్మాగారపు కార్మికులు జబ్బుపడడంతో 1975లో అక్కడ ఉత్పత్తి ఆగిపోయింది. ఆ సంగతి తెలిసినా ఇక్కడ వాడకం ఆగలేదు. ఫ్రాన్సు 1990లో దానికి అనుమతి రద్దుచేసింది. అయినా ఈ దీవుల తోటలకు మాత్రం 1993 వరకు మినహాయింపు లభించింది.

మందు చల్లడం ఆగిపోయి దశాబ్దాలు గడిచినా, మందు పోలేదు. అగ్నిపర్వతపు మట్టి దానిని గట్టిగా పట్టుకుంటుంది. ప్రతి వానకూ కొంచెం కొంచెంగా నీటిలోకి వదులుతుంది. 1999లో తాగునీటి ఊటలలో దాని జాడలు బయటపడ్డాయి. ఆ నీటిని బొగ్గుతో వడగట్టే ఏర్పాట్లు చేయవలసి వచ్చింది. తోటల దిగువ నదులలో చేపలు, రొయ్యలు పట్టి తినడంపై ఆంక్షలు వచ్చాయి. ఆ నిషేధాలు తీరసముద్రానికీ పాకి, బెస్తవారి జీవనోపాధిని దెబ్బతీశాయి. దీవిలోని పెద్దలలో పదింట తొమ్మిదిమందికి పైగా రక్తంలో ఆ మందు ఉన్నట్లు పరీక్షలలో తేలింది. పురుగుమందులతో పనిచేసిన వ్యవసాయ కార్మికులకు వచ్చే ప్రోస్టేట్ కాన్సరును ఫ్రాన్సు 2021లో వృత్తివ్యాధిగా గుర్తించింది. కొండ మీది జలపాతం తోటలకు ఎగువన, అడవిలో ఉంది. అక్కడి నీరు తేటది. కొన్ని మైళ్ళు దిగేసరికి ఆ వాలులలోని నదుల నీటికి మనుషుల తప్పిదం అంటుకుంది. చూపుకు మాత్రం రెండు చోట్లా నీరు ఒకేలా ఉంటుంది.

ఆ తోటలలోనూ, వాటికి ముందున్న చెరకు పొలాలలోనూ చెమటోడ్చినవారి చరిత్ర భారతదేశంతో ముడిపడి ఉంది. 1848లో ఫ్రాన్సు తన వలసలలో బానిసత్వాన్ని రద్దుచేసింది. చెరకు యజమానులు కూలీల కోసం భారతదేశం వైపు చూశారు. 1854 డిసెంబరులో ‘ఒరేలీ’ అనే ఓడ తొలి ఒప్పంద కూలీలను తెచ్చింది. 1889 వరకు 42 వేలకు పైగా భారతీయులు ఆ దీవికి చేరారు. వారిలో ఎక్కువమంది దక్షిణాదివారు. తమిళులే అధికులు, తెలుగువారు కూడా కొందరున్నారు. చాలామంది తిరిగి స్వదేశం చూడలేదు. కాపెస్టేర్ శివారులోని చాంగి వద్ద రంగురంగుల గోపురంతో మారియమ్మ గుడి ఉంది. తమ తాతముత్తాతల భాష మరచిన మనుమలు అక్కడ ఇప్పటికీ మొక్కులు చెల్లిస్తారు.

అదే కాపెస్టేర్‌లో 1863లో జన్మించిన హెన్రీ సిదంబరం కూలీల బిడ్డలకు ఓటుహక్కు కావాలని 1904లో పోరాటం ప్రారంభించాడు. కోర్టులలోనూ ప్రభుత్వంతోనూ ఏళ్ళ తరబడి పోరాడి, 1923లో వారికి ఫ్రెంచి పౌరసత్వపు గుర్తింపు సాధించాడు. జలపాతాలు చూసి తిరిగివెళ్ళే బస్సు ఆయన ఊరి మీదుగానే సాగుతుంది.

సాయంకాలానికి బస్సు మళ్ళీ తూర్పు రెక్కకు చేరుతుంది. అక్కడ నదులు లేవనే చెప్పాలి. ఆ ప్రాంతానికి కావలసిన నీటిలో ఎక్కువభాగం బాస్‌టేర్ కొండల నుండి గొట్టాల ద్వారా రావాలి. పాతబడిన గొట్టాల నుండి సగానికి పైగా నీరు దారిలోనే కారిపోవడంతో, ఎన్నో ఇళ్ళలో కుళాయిలు రోజుల తరబడి ఎండిపోవడం అక్కడి ప్రజల చిరకాలపు గోడు. ఏటా పది మీటర్ల వాన కురిసే కొండ ఉన్న దీవిలో బిందెడు నీటికి ఎదురుచూడవలసి రావడం ప్రకృతి లోపం కాదు.

ప్రకృతి ఏ దీవికైనా నీటిని ఇవ్వగలదు. దానిని శుభ్రంగా ఉంచడం, అందరికీ సమానంగా పంచడం మనుషుల బాధ్యత. జలపాతం ముందు నిలిచి ఆనందించడం ఎవరికైనా సాధ్యమే. ఆ నీరు కొండ దిగి ఎవరి పొలంలో పారింది, ఎవరి బావిలో చేరింది, ఎవరి గొంతు తడిపింది అని అడిగినవారికే యాత్ర విద్య అవుతుంది. పూర్వులు ఇచ్చిన ‘అందమైన నీళ్ళ దీవి’ అనే పేరును నిలబెట్టుకోవడం ఇప్పుడు అక్కడి ప్రజల ముందున్న పని. తన ఊరి చెరువు పేరును, ఏరు పేరును తలచుకునే ప్రతి సమాజానికీ ఆ పని వర్తిస్తుంది.