నగరవాయువులోని సూక్ష్మధూళి

కంటికి కనిపించు ధూళిని ముక్కు చాలవరకు ఆపివేయును. భయపడవలసినది కానరాని ధూళికే. వాహనముల పొగనుండి, బొగ్గు, చెత్త మంటలనుండి పుట్టు ఈ రేణువులు 2.5 మైక్రాన్లకు మించవు. వెండ్రుక మందములో సుమారు ముప్పదవ వంతు. ఇవి ఊపిరితిత్తుల అట్టడుగునకు చేరును. మిక్కిలి చిన్నవి రక్తములోనికిని ప్రవేశించును. కావుననే కీడు దగ్గుతో ముగియదు. ఏండ్ల తరబడి పీల్చినవారికి గుండెపోటు, పక్షవాతము కలుగు అవకాశము హెచ్చును. పొగ త్రాగనివారికి సైతము ఊపిరితిత్తుల కాన్సరు రావచ్చును.

మన ప్రభుత్వము 2009లో విధించిన వార్షిక పరిమితి ఘనమీటరుకు 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది 5 మాత్రమే. ఢిల్లీ వార్షిక సగటు 40కి రెట్టింపును మించుచున్నది. చలికాలపు పొగమంచు విడిపోగానే ప్రమాదము తొలగినదని పలువురు తలంతురు, ఇది పొరపాటు. ముఖమునకు చుట్టుకొను రుమాలు ఈ రేణువులను ఆపజాలదు. బిగువుగా అమరు ఎన్‌95 మాస్కు ఉపకరించును. హృద్రోగులు, గర్భిణీస్త్రీలు గాలి మిక్కిలి చెడిన దినములలో రద్దీ వీథులకు పోకుండుట మేలు.