ముఖం మీద లేజర్ - ముందుగా తెలుసుకోవలసిన సంగతులు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసం రాసిమ్మని వార్డెన్ మేడమ్ ఫోన్ చేసినప్పుడు, ఎం.ఎస్సీ. ఫిజిక్స్ చదివిన పిల్ల కాబట్టి ఏ సౌరశక్తి గురించో, ఉపగ్రహాల గురించో రాస్తుందని అనుకొని ఉంటారు. నేను కాంతి గురించే రాస్తున్నాను. అయితే ఇది మా అక్క ముఖం మీద పడిన కాంతి.

మాది చిట్కుల్. నాన్న పాశమైలారంలో ఒక షెడ్డులో వెల్డర్. చిన్నప్పుడు అన్నం డబ్బా తీసుకొని పోతే, "అటు చూడకు బిడ్డా, కండ్లు పోతయ్" అని దూరం నుంచే అరిచేవాడు. అద్దం లేకుండా వెల్డింగ్ వెలుగు చూసిన రోజు రాత్రి కళ్ళలో ఇసుక పోసినట్టు ఉంటుంది. ఆలుగడ్డ ముక్కలు కళ్ళ మీద పెట్టుకొని పడుకున్న వాళ్ళను మన బస్తీల్లో అందరం చూశాం. వెలుగు కాలుస్తుందని మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. అయినా అక్క విషయంలో మా ఇంట్లో ఒక్కరికీ ఆ మాట తట్టలేదు.

అక్క ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది. పెళ్ళి కుదిరింది. గడ్డం మీద వెంట్రుకలు ఉన్నాయని ఆమెకు ఎప్పటినుంచో బాధ. ఒక బ్యూటీ పార్లర్‌లో "లేజర్, ఆరు సిట్టింగులు, ఆఫర్" అంటే రెండు నెలల జీతం కట్టేసింది. "రంగు కూడా తేలుతుంది" అన్నారట. ఏప్రిల్ నెల, రోజూ ఎండలో నడక. పైగా మెడికల్ షాపులో కొన్న క్రీము ఏడాదిగా రాస్తోంది. ఈ రెండూ వాళ్ళు అడగలేదు, ఈమె చెప్పలేదు. రెండో సిట్టింగులో మండుతోందంటే, మండితేనే పని చేస్తున్నట్టు అన్నారట. సాయంత్రానికి రెండు చెంపల మీద, గడ్డం మీద ముద్ర గుద్దినట్టు నలుపలకలుగా ఎర్రటి మచ్చలు. "గిట్లనే ఉంటదటనే, రెండు దినాలల్ల పోతదట" అంది. అమ్మ టూత్‌పేస్టు రాసింది. పొక్కులు లేచి ఊడి, ఆ చోటంతా నల్లబడింది. పెళ్ళి ఫోటోల్లో మేకప్ కింద అవి నాకు ఇప్పటికీ కనిపిస్తాయి.

అసలు జరిగిందేమిటో అప్పుడు నేను చదివిన చదువుతోనే అర్థమయింది. ఎండాకాలం తారు రోడ్డు మీద చెప్పులు లేకుండా నిలబడలేం, సున్నం వేసిన డాబా మీద కొంచెంసేపు నిలబడగలం. నలుపు కాంతిని తాగి వేడెక్కుతుంది. ఈ యంత్రాల కిటుకంతా అదే. వెంట్రుకలోని మెలనిన్ అనే నల్లని పదార్థం కాంతిని తాగి, ఆ వేడికి వేరు మాడిపోవాలి. చుట్టూ ఉన్న చర్మానికి ఏమీ కాకూడదు. తగిన రంగు కాంతిని, తగినంత తక్కువసేపు వేస్తే ఇది సాధ్యమని 1983లో అమెరికాలో ఆండర్సన్, పారిష్ అనే డాక్టర్లు చూపించారు. తెల్లవెంట్రుకలకు ఈ చికిత్స పనిచేయకపోవడానికి కారణం కూడా ఇదే, వాటిలో మెలనిన్ లేదు.

అయితే మన చిక్కు ఇక్కడే ఉంది. మెలనిన్ మన వెంట్రుకలోనే కాదు, చర్మం పైపొరలో కూడా ఉంది. కాంతి వేరు దాకా పోకముందే పైపొర తాగేస్తుంది. ఎండకు తిరిగి వచ్చిన చర్మం ఇంకా ఎక్కువ తాగుతుంది. చర్మాన్ని ఎండకు కాలే తీరును బట్టి రకాలుగా విడదీసే కొలత ఒకటి ఉంది. దాన్ని 1975లో ఫిట్జ్‌పాట్రిక్ అనే డాక్టరు తయారు చేసినప్పుడు అందులో ఉన్నవి తెల్లవారి చర్మం రకాలే. గోధుమ రంగుకు, నల్లని రంగుకు 5, 6 నంబర్లు తర్వాత చేర్చారు. మనలో ఎక్కువమంది 4, 5 రకాల వాళ్ళం. తెల్లని చర్మానికి సరిపోయిన మోతాదు మనకు వాతే అవుతుంది.

పార్లర్లలో అన్నింటినీ లేజర్ అనే అంటారు. కాదు. లేజర్ అంటే ఒకే తరంగదైర్ఘ్యం గల కాంతి. ఐపీఎల్ అనేది కెమెరా ఫ్లాష్ వంటి దీపం. అందులో దాదాపు 500 నుంచి 1200 నానోమీటర్ల దాకా అన్నీ కలిసి వస్తాయి, ఫిల్టరుతో కొంత ఆపుతారు. తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ మెలనిన్ తాగేది తగ్గుతుంది, కాంతి లోతుకు పోతుంది. అందుకే నల్లని చర్మానికి 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ లేజర్ మిగతావాటి కంటే క్షేమం. సుమారు 810 దగ్గర పనిచేసే డయోడ్ లేజర్ కూడా చర్మాన్ని చల్లబరుస్తూ జాగ్రత్తగా వాడితే మనకు నడుస్తుంది. 755 అలెగ్జాండ్రైట్, ఐపీఎల్ మన రంగుకు ఎక్కువ ప్రమాదం. కాబట్టి "ఏ మెషీను, ఎంత నానోమీటర్లు?" అని అడగండి. ఇంటర్ ఫిజిక్సు పాఠం చదివిన వాళ్ళం, అడగడానికి మొహమాటం ఎందుకు? చెప్పలేని చోట పర్సు తీయకండి.

ముఖ్యంగా క్రీముల సంగతి. మన దగ్గర మొటిమలకు, తామరకు, తెల్లబడటానికి, అన్నింటికీ మెడికల్ షాపులో ఒకటే ట్యూబు ఇస్తారు. వాటిలో చాలావాటిలో బీటామెథాసోన్, క్లోబెటసాల్ వంటి స్టిరాయిడ్లు ఉంటాయి. మొదట నున్నగా కనిపిస్తుంది, తర్వాత చర్మం పలచబడుతుంది, ఎరుపెక్కుతుంది, మానితే మొటిమలు విరగబడతాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇటువంటి 14 రకాల స్టిరాయిడ్ పూతమందులు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని నిబంధన తెచ్చింది. అక్క ట్యూబు మీద కూడా ఆ పేరు ఉంది, చిన్న అక్షరాల్లో. అట్లా పలచబడిన చర్మం మీద వేడి పడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? మొటిమలకు మాత్రలు వేసుకునేవాళ్ళు, గర్భిణులు, దెబ్బ తగిలితే మచ్చ ఉబ్బెత్తుగా పెరిగే శరీరం ఉన్నవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి. మంగు మచ్చలకు ఈ కాంతి చికిత్సలు ఒక్కోసారి మచ్చను ఇంకా పెంచుతాయి. పుట్టుమచ్చ మీద డాక్టరు చూడకుండా లేజర్ వేయించుకోకూడదు.

చెల్లెళ్ళకు ఇంకొక మాట. నెలసరి సరిగా రాక, గడ్డం మీద వెంట్రుకలు పెరుగుతుంటే అది హార్మోన్ల తేడా కావచ్చు. దాన్ని చూపించుకోకుండా పైన ఎన్ని సిట్టింగులు చేసినా మళ్ళీ వస్తాయి. కొందరికి చికిత్స చేసిన చోటుకు చుట్టూ కొత్తగా వెంట్రుకలు పెరగడం కూడా ఉంది. "శాశ్వతంగా పోతాయి" అనే మాట నమ్మకండి; తగ్గుతాయి, సన్నబడతాయి. పెరుగుదల దశలో ఉన్న వేర్లే మాడుతాయి కాబట్టి నాలుగు నుంచి ఆరు వారాలకు ఒకసారి చొప్పున చాలాసార్లు వెళ్ళాలి. వేరు ఉండాలి కాబట్టి ముందు నెల రోజులు వాక్సింగు, త్రెడింగు చేయించకూడదు, గీయించుకోవచ్చు.

తమ్ముళ్ళ సంగతి పచ్చబొట్టు. ఇష్టమైన పేరు చేతి మీద వేయించుకొని, ఆర్మీ ర్యాలీ నోటిఫికేషన్ వచ్చాక తీయించుకోవడానికి పరుగెత్తేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. ముంజేతి లోపలివైపు, అరచేతి వెనుకవైపు తప్ప మరోచోట శాశ్వత పచ్చబొట్టు ఉంటే ఆర్మీ ఒప్పుకోదు, గిరిజనుల ఆచారానికి మినహాయింపు ఉంది. లేజర్‌తో నల్లసిరా బాగానే పోతుంది కానీ ఆరు నుంచి ఎనిమిది వారాల ఎడంతో చాలా సిట్టింగులు కావాలి. ర్యాలీ వచ్చే నెల ఉందంటే కుదరదు. ఆకుపచ్చ, పసుపు మొండివి. (మన నానమ్మల పచ్చబొట్టు పచ్చగా కనిపించినా అది మసి నలుపే, చర్మం లోతులో ఉండటం వల్ల అట్లా కనిపిస్తుంది.) యాసిడ్ పోసి, సున్నం రాసి తీసే వాళ్ళ దగ్గరికి మాత్రం పోకండి.

చికిత్స చేసే గదిలో కళ్ళకు రక్షణ లేకపోతే లేచి వచ్చేయండి. వెల్డింగ్ వెలుగు కంటి పైపొరను కాలుస్తుంది, అది మానుతుంది. లేజర్ లోపలి తెరను కాల్చగలదు, నొప్పి కూడా తెలియకపోవచ్చు. కనుబొమల కింద, కంటి అంచున అసలు వద్దు. మొదట చెవి కిందనో, దవడ పక్కనో చిన్నచోట వేసి చూడమనండి. కాలితే ఒకటి రెండు రోజుల్లో తెలుస్తుంది, నలుపు తేలడానికి రెండు మూడు వారాలు పడుతుంది. కొంచెం ఎరుపు, వెంట్రుక చుట్టూ వాపు మామూలే. పొక్కు లేస్తే చల్లని నీళ్ళు పెట్టి డాక్టరు దగ్గరికి పోవాలి. టూత్‌పేస్టు వద్దు.

డాక్టరంటే చర్మవ్యాధుల్లో ఎం.డి. లేదా డిప్లొమా చదివిన వాళ్ళు. గోడకు తగిలించిన కాస్మెటాలజీ సర్టిఫికెట్టు దానికి సమానం కాదు. ఉస్మానియా, గాంధీ ఆస్పత్రుల్లో చర్మవ్యాధుల విభాగాలున్నాయి. ఇంట్లో ఎవరికైనా ఈఎస్ఐ కార్డు ఉంటే సనత్‌నగర్ ఈఎస్ఐ ఉంది. అందానికి చేసే లేజర్ అక్కడ చేయకపోవచ్చు గానీ, కాలిన మచ్చకు, హార్మోన్ల తేడాకు చూస్తారు.

అక్కను చివరికి నేనే తీసుకుపోయాను. డాక్టరమ్మ ముందుగా అడిగింది "ఏం క్రీము రాస్తున్నావమ్మా?" అని. ఆ ట్యూబు ఎట్లా మానాలో చెప్పి, ఎండకు రాసుకునే క్రీము, రక్తపరీక్షలు రాసింది. థైరాయిడ్ తేడా ఉందని తేలింది. మచ్చలు పోవడానికి పదకొండు నెలలు పట్టింది. గడ్డం కింద ఒకటి ఇంకా ఉంది. మిగిలిన నాలుగు సిట్టింగుల డబ్బు అడిగితే పార్లర్ వాళ్ళు బిల్లు చూపించమన్నారు. బిల్లు మీద "ఫేస్ ప్యాకేజీ" అని తప్ప మెషీను పేరు గానీ, చేసినవారి పేరు గానీ లేదు. మీరు వెళ్తే ఆ రెండూ బిల్లు మీద రాయించుకోండి.