శక్కర్‌నగర్: మిల్లు కట్టిన పేట

ఒక ఊరికి చుట్టము వచ్చినచో మనము అతనికి చూపించునవి కొన్ని ఉండును. నిజామాబాదులో అయినచో ఖిల్లా గుట్టపై నున్న రఘునాథాలయము, ఊరికి కొంత దూరమున అలీసాగరు తోట. బోధనులో అయినచో దేవల్ మసీదు, చక్రేశ్వరాలయము. బోధనే భారతములోని ఏకచక్రపురమనియు, భీముడు బకాసురుని చంపినది ఇక్కడనే యనియు స్థానికులు చెప్పు కథ కూడ ఆ చుట్టమునకు తప్పక వినిపింతుము. కాని మనము కాపురముండు వీధి చూడుమని మాత్రము ఎవరమును అనము. సామాన్యులుండు పేటలో చూడదగినది ఏమున్నదని మన భావము. ఈ భావముతో మేము ఏకీభవింపలేము. ఒక పేటను ఎవరు కట్టించినారు, ఎందుకు అక్కడనే కట్టించినారు, అందలి ఇల్లు ఎవరిది అను ప్రశ్నలు వేసికొని నాలుగు వీధులు నడిచినచో, ఒక జిల్లా చరిత్రలో సగము పాదముల క్రిందనే దొరకును. అందుకు బోధను పట్టణపు అంచున నున్న శక్కర్‌నగర్ చక్కని ఉదాహరణము.

నిజామాబాదు నుండి బోధను పడమరగా సుమారు 25 కిలోమీటర్లు. రైలు మార్గమైనచో జానకంపేట వద్ద చీలి బోధనుకు పోవును. బస్సులో పోవువారికి దారి పొడవున వరి పొలములు, కాలువలు, తూములు కనబడుచుండును. నడుమ సారంగాపురము వద్ద సహకార చక్కెర మిల్లు కలదు. అదియు చిరకాలముగా మూతబడియే యున్నది. ఈ దారిలో మొదట గమనింపవలసినది మిల్లు కాదు, నీరు. ఆ నీరు లేనిచో ఈ కథయే లేదు.

మంజీరా నదిపై నిజాంసాగరు ఆనకట్ట పని 1923లో ప్రారంభమై 1931లో పూర్తియైనది. హైదరాబాదు సంస్థానపు ముఖ్య ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహద్దూరు దాని నిర్మాత. సుమారు 2,75,000 ఎకరములకు నీరిచ్చుట ఆనాటి సంకల్పము. కాలువలు త్రవ్విన తరువాత కొత్త చిక్కు వచ్చినది. జొన్నకును, మెట్ట పైరులకును అలవాటుపడిన ప్రాంతమున ఇంత మాగాణిని సాగు చేయుటకు నేర్పరులైన రైతులు చాలినంతమంది లేకపోయిరి. అప్పుడు కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుండి వ్యవసాయ కుటుంబములు ఇక్కడకు తరలివచ్చి, అడవి కొట్టి, నేల చదును చేసి, పొలముల మధ్యనే ఇండ్లు కట్టుకొనిరి. వారి ఊళ్లను నేటికిని ఇక్కడివారు ‘క్యాంపు’ లనియే పిలుతురు. గుడారములు పోయి మేడలు వచ్చినను పేరు మారలేదు. ఈ మాట పాఠకులు జ్ఞాపకముంచుకొన గోరుచున్నాము, తరువాత ఉపయోగపడును.

నీరు వచ్చినది, చెరకు వచ్చినది. ఇక మిల్లు రావలెను. సంస్థాన ప్రభుత్వము పరిశ్రమలకు పెట్టుబడి నిచ్చుటకై 1929లో ఇండస్ట్రియల్ ట్రస్టు ఫండు అను నిధిని ఏర్పరచినది. ఆ నిధి చలువతోనే ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో, 1937లో, బోధను వద్ద నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపింపబడినది. ఒకనాడు ఆసియాలోనే ఇంత పెద్ద చక్కెర మిల్లు లేదని ఈ ప్రాంతమువారు గర్వముగా చెప్పుకొనెడివారు. మిల్లు ప్రక్కన పుట్టిన పేటకు శక్కర్‌నగర్ అని పేరు పెట్టినారు. ఉర్దూలో శక్కర్ అనగా చక్కెర. ఆ కాలపు పేర్ల పెట్టుబడి ఇట్లే యుండెను: సిర్పూరు వద్ద కాగితపు మిల్లు వచ్చినచోట కాగజ్‌నగర్, ఇచట శక్కర్‌నగర్. ఊరు దేనిని తయారుచేయునో అదే ఊరి పేరు.

మిల్లు పెట్టినవారు ఇండ్లు కూడ ఏల కట్టవలెను? ఉద్యోగులు బోధను పట్టణములో అద్దెకుండరాదా? దీనికి సమాధానము చెరకు గడలోనే యున్నది. చెరకు కోసిన క్షణము నుండియే దానిలోని చక్కెర విరుగుట ప్రారంభించును. గడ్డకట్టు గుణము గల చక్కెర, గడ్డకట్టని గ్లూకోజు, ఫ్రక్టోజు అను రెండు చక్కెరలుగా చీలిపోవును. గడ బరువు కూడ తగ్గును. అందువలన కోసిన చెరకును 24 గంటలలోపల గానుగకు అందించుట ఉత్తమము. రైతు తోచినప్పుడు కోయరాదు. మిల్లు ఇచ్చిన కటింగ్ ఆర్డరు ప్రకారము కోసి, బండి కట్టి, కాటా వద్ద వరుసలో నిలువవలెను. గానుగలో రసము పడిన తరువాత అసలు నిలుపరాదు. సున్నము కలిపి తేర్చుట, కాచుట, పాకము పట్టుట, రవ్వ కట్టించుట, తిప్పి ఆరబెట్టుట, ఇవి యన్నియు ఒకదాని వెంట నొకటి జరుగవలసినవే. ఒకచోట ఆగినచో వెనుకనున్నదంతయు పులిసిపోవును. కావున నవంబరు ప్రాంతమున గానుగ తిరుగుట మొదలైనచో వేసవి వచ్చువరకు రాత్రింబవళ్లు ఆగదు. అర్ధరాత్రి ఒక మరలో లోపము వచ్చినచో దానిని సరిచేయగలవాడు నడిచివచ్చునంత దూరములో నిద్రించుచుండవలెను. శక్కర్‌నగర్ అక్కడ ఉండుటకు కారణము ఇదియే. పొలము మిల్లును తన దగ్గరకు లాగినది. మిల్లు మనుష్యులను తన దగ్గరకు లాగినది.

ఈ మిల్లు వంటలో ఇంకొక విశేషము కలదు. ఒక టన్ను చెరకు నుండి ఉజ్జాయింపుగా 100 కిలోల చక్కెర, 300 కిలోల పిప్పి, 40 కిలోల మొలాసిస్ వచ్చును. పిప్పిని బాయిలరులో పోసి మండింతురు గనుక వేరుగా బొగ్గు అవసరము అంతగా ఉండదు. తన పొయ్యిలోనికి తానే కట్టెలు తెచ్చుకొను పంట ఇది! మొలాసిస్ సారా బట్టీలకును, వడపోతలో మిగిలిన మడ్డి పొలములకు ఎరువుగాను పోవును. అయితే మండిన పిప్పి నుండి లేచిన మసి గాలి వాలును బట్టి పేటపై రాలును. చక్కెర మిల్లుల చెంత కాపురమున్న గృహిణి నెవరినైనను అడుగుడు; ఆరవేసిన తెల్లచీరపై నల్లని పొరలు, సీజను పొడవునా వీధిని కమ్ముకొను మొలాసిస్ వాసన మొదట చెప్పును, చక్కెరను గురించి తరువాత చెప్పును.

ఇట్టి మిల్లు పేటలలో వీధి నడచుట ఒక ఉద్యోగ పట్టికను చదువుటయే. పెద్ద ఆవరణము, మామిడి చెట్లు గల బంగళా అధికారిది. ఒకే గోడను పంచుకొను వరుస ఇండ్లు మరల వద్ద పనిచేయువారివి. సీజనులో మాత్రమే పని యుండు కార్మికులు ఎక్కువగా క్వార్టర్లకు వెలుపల, చుట్టుప్రక్కల బస్తీలలో నుందురు. గానుగ ఆగిన నెలలలో వారికి రిటెయినింగ్ అలవెన్సు అను కొద్దిపాటి భత్యము వచ్చెడిది. ఇక చెరకు కోయు కూలీలకు పొలము గట్టున ఆకు గుడిసెయే గృహము. చక్కెరకు ఎంత దగ్గరనుందురో ఇల్లు అంత గట్టిది. చెరకుకు ఎంత దగ్గరనుందురో ఇల్లు అంత బలహీనము.

భాషల సంగతి కూడ చెప్పవలెను. మహారాష్ట్ర సరిహద్దు ఇక్కడికి కూతవేటు దూరము; మంజీరా దాటినచో మరాఠీ. పట్టణములో ఉర్దూ, పల్లెలలో తెలంగాణపు తెలుగు, క్యాంపులలో కోస్తా తెలుగు. ఈ నాలుగును మిల్లు గేటు వద్ద కలిసికొనెడివి. రేడియోలో ‘ప్రామాణిక’ భాషను గురించి తరచు తర్కించు మావంటివారు ఈ ప్రాంతపు టీ దుకాణమున అరగంట కూర్చుండుట మంచిది. చెరకు తోట, కార్శి, కాటా, షిఫ్టు, సైరను అను మాటలు నాలుగు భాషలవారికిని ఉమ్మడి సొత్తు.

పేటకు గడియారము సైరనే. షిఫ్టు మారునపుడు అది కూయును. ఆ కూతతో పొయ్యి వెలిగింతురు, పిల్లలను బడికి పంపుదురు, దీపము ఆర్పుదురు. ఇండ్లలో గడియారములు వచ్చిన తరువాత కూడ జనులు వానిని సైరనును బట్టియే సరిచేసికొనెడివారు.

ఆ సైరను ఇప్పుడు లేదు. మార్పు ఒక్క దినమున రాలేదు. మొదట నీరు మారినది. నిజాంసాగరు జలాశయములో పూడిక పేరుకొని, కట్టిననాటి దాదాపు 29 టి.ఎం.సి.ల నిలువ చాల తగ్గిపోయినది. ఎగువన మంజీరా నీరు 1965 నుండి హైదరాబాదు నగరమునకు త్రాగునీరుగా పోవుట మొదలైనది. తరువాత సింగూరు జలాశయము వచ్చి ఆ వాటాను పెంచినది. నగరము దాహము తీరవలసినదే, కాదనువారెవరు? కాని ఏడాది పొడవునా నీరు కోరు చెరకు, నమ్మకము లేని కాలువ క్రింద నిలువలేదు. రైతులు మెల్లమెల్లగా వానకాలము, యాసంగి వరిపైరుల వైపు తిరిగిరి. తరువాత యాజమాన్యము మారినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2002లో 51 శాతము వాటాను ప్రైవేటు పక్షమునకు ఇచ్చినది. సంస్థకు నిజాం దక్కన్ షుగర్స్ అని పేరు వచ్చినది. 2015 డిసెంబరులో బోధనుతో పాటు మెట్‌పల్లి, మెదక్ యూనిట్లలో లే-ఆఫ్ ప్రకటించి గానుగలు ఆపివేసినారు. 2019లో జాతీయ కంపెనీ లా ట్రిబ్యునలు సంస్థ ఆస్తుల లిక్విడేషనుకు ఆదేశించినది. ఈ ప్రాంతమున మిగిలిన చెరకు కామారెడ్డి వైపు మిల్లులకు ప్రయాణము చేయవలసి వచ్చినది. ముందు చెప్పిన 24 గంటల లెక్కను బట్టి ఆ ప్రయాణపు నష్టమెవరిదో పాఠకులే ఊహించుకొనవచ్చును.

ఇప్పుడు క్యాంపుల మాటకు వత్తుము. చెరకు పోయినను క్యాంపు రైతుకు నేల మిగిలినది, ఇల్లు మిగిలినది. వరి వేసికొనెను, బ్రతికెను. మిల్లు క్వార్టరులో నున్నవాని స్థితి అది కాదు. క్వార్టరు ఉద్యోగముతో వచ్చును, ఉద్యోగముతో పోవును. దానికి పట్టా యుండదు. ముప్పది సంవత్సరములు ఒకే ఇంటిలో నుండి, పెరటిలో కరివేప నాటి, కూతురి పెండ్లికి అరుగుపై పందిరి వేసిన మనుష్యుడు కూడ కాగితముపై అతిథియే. మిల్లు నడుచునంతకాలము ఈ సంగతి ఎవరికిని తోచదు. గానుగ ఆగిన దినమున జీతము, ఇల్లు రెండును ఒకే త్రాటికి కట్టబడియున్నవని తెలియవచ్చును. మా దృష్టిలో మిల్లు పేటలకున్న అసలు లోపము ఇదియే. ఇండ్లు చక్కగా కట్టుట, చెట్లు నాటుట, నీటి కుళాయి పెట్టుట ఇవి యన్నియు మంచివే, కాని ఈ ముడిని విప్పలేవు.

ఇది మనకు మాత్రమే వచ్చిన చిక్కు కాదు. అమెరికాలో షికాగో నగరపు అంచున, 1880లో, జార్జి పుల్మన్ అను రైలుపెట్టెల వ్యాపారి తన కార్మికులకై ఒక ఆదర్శ పట్టణమును కట్టించెను. 1893లో వ్యాపారము మందగించినపుడు కూలి తగ్గించినారు గాని ఇంటి అద్దె తగ్గింపలేదు. 1894లో గొప్ప సమ్మె జరిగినది. చివరకు 1898లో ఇల్లినాయ్ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము, రైలుపెట్టెలు చేయుటకు ఏర్పడిన కంపెనీ ఊరిని సొంతము చేసికొని యుండరాదని తీర్పు చెప్పినది. 1907 నాటికి ఇండ్లు అమ్ముడుపోయి సామాన్యుల సొత్తయినవి. ఆ పేట నేటికిని నిలిచియున్నది. మన కాగజ్‌నగర్ వేరొక దారిని చూపినది: 2014లో ఆగిన సిర్పూరు కాగితపు మిల్లును 2018లో మరియొక కంపెనీ తీసికొని నడిపించుటతో ఊరు తిరిగి లేచినది. ఒకచోట ఇల్లు మనుష్యునిదైనది. మరియొకచోట మిల్లు తిరిగివచ్చినది. శక్కర్‌నగర్‌వారు ఈ రెండవదానినే ఎక్కువగా తలతురు. కాగజ్‌నగర్ పేరు వారి నోట తరచు వినబడును.

చూడబోవువారికి రెండు మాటలు. ఆ పేటను శిథిలముగా చూడవలదు. మూసిన గేటును, త్రుప్పు పట్టిన గొట్టములను ఛాయాచిత్రములు తీసికొని తిరిగిపోవు సందర్శకులు మిల్లును చూచినవారగుదురు గాని పేటను చూచినవారు కారు. అక్కడ ఉదయము పాలవాడు వచ్చును, పిల్లలు బడికి పోవుదురు, సాయంకాలము చెట్టు క్రింద పేకాటయు, వాదోపవాదములును సాగును. ఎవరి ఇంటి ముందరనైనను నిలిచినచో లోపలి నుండి ఎవరో ఒకరు వచ్చి ఏ ఊరని అడుగుదురు. అడిగినప్పుడు సావకాశముగా సమాధానము చెప్పవలెను, ఎందుకనగా తరువాతి ప్రశ్న ముఖ్యమైనది.

మేము రేడియోవారమని తెలిసిన మీదట ఆ ప్రశ్న మరింత త్వరగా వచ్చినది. వేపచెట్టు క్రింద కూర్చున్న ఒక పెద్దమనిషి, “గా ఫ్యాక్టరీ మళ్ల నడుస్తదా సార్? మీకు ముందుగాల్నె తెలుస్తది గద?” అనినారు. తెలంగాణ ప్రభుత్వము మిల్లు పునరుద్ధరణ విషయము పరిశీలించుటకు 2024లో ఒక మంత్రివర్యుని అధ్యక్షతన కమిటీని నియమించినదని మేము చెప్పితిమి. “గది మాకు ఎర్కనే సార్” అని ఆయన నవ్వి, లోనికి తిరిగి నాలుగు చాయ్‌లు తెమ్మని కేక వేసినారు.