మైకు ఉంది, మాట ఏది?
లినక్స్ కంప్యూటర్‌లో యూఎస్‌బీ మైకు మొరాయిస్తే వెతకవలసిన వరుస

ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా దక్షిణపు కొసన, శబరి నది ఒడ్డున కొంటా ఉంది. ఈ ప్రాంతపు దోర్లలు మాట్లాడే దోర్లి, కోయ భాషలో ఒక మాండలికం. బస్తర్‌లో ఇలాంటి భాషల సంపద పుస్తకాల్లో కన్నా జనం నోటనే ఎక్కువ. 2010లో పాత్రికేయుడు శుభ్రాంశు చౌదరి చొరవతో మొదలైన సీజీనెట్ స్వర ఇక్కడి మాటకున్న బలాన్ని చూపింది. గోండీ వంటి భాషల్లో ఫోన్ చేసి వార్త చెప్పే వీలు కల్పించింది.

ఇలాంటి చోట ఒక పెద్దావిడ చెప్పే కథను రికార్డు చేస్తున్నామనుకుందాం. అరగంట తర్వాత చూస్తే ఫైలు మూగగా ఉంది! ఆ కథను ఆమె మళ్లీ అదే తీరున చెప్పకపోవచ్చు. అందుకే ముందుగానే పరీక్షించాలి. లోపాన్ని తీగ దగ్గర మొదలుపెట్టి, ఒక్కో మెట్టూ ఎక్కుతూ వెతకాలి.

మొదటి మెట్టు విద్యుత్తు. యూఎస్‌బీ 2.0 పోర్టు ఒక పరికరానికి 5 వోల్టుల వద్ద గరిష్ఠంగా 500 మిల్లీ ఆంపియర్లు ఇస్తుంది. సొంత విద్యుత్తు లేని హబ్‌కు నాలుగైదు పరికరాలు తగిలిస్తే ఆ కొద్దిపాటినే అవన్నీ పంచుకోవాలి. హబ్ తీసేసి, మైకును నేరుగా పోర్టుకు పెట్టి చూడండి.

రెండోది గుర్తింపు. టెర్మినల్‌లో ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ అని కొడితే కంప్యూటర్‌కు కనిపిస్తున్న యూఎస్‌బీ పరికరాల జాబితా వస్తుంది. అందులో మైకు లేకపోతే లోపం తీగలోనో, పోర్టులోనో, పరికరంలోనో ఉన్నట్టే. ఉంటే, ‘ఎ-రికార్డ్’ ఆదేశానికి చిన్న ఎల్ ఐచ్ఛికాన్ని చేర్చి రికార్డింగ్ పరికరాల జాబితా చూడాలి. ఆడియో ప్రమాణాన్ని పాటించే మైకులకు వేరే డ్రైవర్ అక్కర్లేదు, అది కెర్నెల్‌లోనే ఉంటుంది.

మూడోది ఎంపిక. చాలాసార్లు మైకు బాగానే ఉంటుంది, కంప్యూటర్ మాత్రం తనలోని మైకునే వింటూ ఉంటుంది. ‘ఆల్సామిక్సర్’ తెరిచి, ఎఫ్6 మీటతో సరైన కార్డును ఎంచుకుని, ఎఫ్4తో రికార్డింగ్ స్థాయి చూడండి. డెస్క్‌టాప్ సౌండ్ సెట్టింగుల్లోనూ ఇన్‌పుట్‌గా ఆ మైకే ఉండాలి.

మాట వస్తూ మధ్యమధ్య టప్‌టప్ మంటోందా? యూఎస్‌బీలో శబ్దం ఆగకుండా ప్రవహించాలి కనుక, దారిలో పోయిన ముక్కను మళ్లీ పంపరు. సెకనుకు 48,000 నమూనాలంటే ప్రతి మిల్లీసెకనుకూ 48 చేరాలి. తీగ వదులైనా, కంప్యూటర్ సకాలంలో అందుకోలేకపోయినా ఖాళీ పడుతుంది. తీగ మార్చండి, మిగతా ప్రోగ్రాములు మూసేయండి.

చివరిది కనిపించని లోపం. ఏ ఐచ్ఛికమూ ఇవ్వకపోతే ‘ఎ-రికార్డ్’ సెకనుకు 8,000 నమూనాలే, అదీ 8 బిట్లతోనే తీసుకుంటుంది. నమూనాల సంఖ్యలో సగానికి మించిన పౌనఃపున్యాలు దక్కవు. అంటే 4,000 హెర్ట్జ్ పైన ఏమీ మిగలదు. ‘స’ ధ్వని బలం చాలావరకు ఉండేది అక్కడే. ఫైలు పలుకుతుంది కాబట్టి అంతా బాగుందనుకుంటాం. రేపు ఆ భాష ధ్వనులను పరిశీలించేవారికి మాత్రం అది మసకబారిన ఫొటోలాంటిదే. కనీసం 16 బిట్లు, 44,100 నమూనాలు అడగాలి.

కథ మొదలయ్యే ముందు పది సెకన్లు రికార్డు చేసి, హెడ్‌ఫోన్‌లో వినండి. ఆ పెద్దావిడకూ వినిపించండి. తన మాట సరిగా పలికిందో లేదో ఆమెకన్నా బాగా ఎవరు చెప్పగలరు?