వెర్షన్ కలవక.. ప్రోగ్రాం నడవక

నిరుడు చక్కగా నడిచిన పైథాన్ ప్రాజెక్టును ఈ ఏడాది మరో కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే మొదటి వరుసలోనే మొరాయిస్తుంది. ప్యాకేజీలన్నీ ఇన్‌స్టాల్ అయినట్లే తెరపై కనిపిస్తుంది. నడపబోతే మాత్రం తప్పుల చిట్టా ప్రత్యక్షమవుతుంది. సమర్పణ గడువు ముంచుకొచ్చిన వేళ విద్యార్థులను కలవరపెట్టే ఈ చిక్కుకు కారణం చాలాసార్లు వారు రాసిన కోడ్ కాదు.

గణనలకు వాడే నంపై ప్యాకేజీనే తీసుకుందాం. 2006 నుంచి 1వ శ్రేణిలోనే సాగిన నంపై, 2024 జూన్‌లో 2.0కు మారింది. దానితోపాటు లోపలి అమరికా మారింది. పట్టికల పనికి వాడే పాండాస్ 2.0.3 పాత అమరికకు తగ్గట్టు తయారైనది. తనకు కనీసం ఏ నంపై కావాలో అది చెబుతుందే తప్ప, ఏది దాటకూడదో చెప్పదు. దాంతో ప్యాకేజీలను తెచ్చిపెట్టే పిప్ సరికొత్త నంపైని దించుతుంది. '96 ఉండాల్సిన చోట 88 ఉంది' అనే అర్థంతో సందేశం వస్తుంది. చిట్టా ఎంత పొడవున్నా ముందు చదవాల్సింది ఆ ఆఖరి వరుసనే. పైథాన్‌ను తొలగించి మళ్లీ వేస్తే ఫలితం ఉండదు. పిప్ మళ్లీ అదే నంపైని తెస్తుంది.

'నంపై 2 కన్నా తక్కువ' అన్న షరతుతో ఇన్‌స్టాల్ చేస్తే సమస్య తీరుతుంది. ఆ షరతును తప్పనిసరిగా డబుల్ కోట్లలో ఉంచాలి. లేకుంటే 'తక్కువ' గుర్తును చూసి కంప్యూటర్ 2 అనే ఫైలు కోసం వెతుకుతుంది.

ఇక్కడ మరో మెలిక ఉంది. 1వ శ్రేణిలో చివరిదైన నంపై 1.26 సిద్ధరూపంలో పైథాన్ 3.12 వరకే దొరుకుతుంది. 3.13 ఉన్న యంత్రంలో పిప్ దాన్ని మూలకోడ్ నుంచి తయారుచేయబోయి, సీ కంపైలర్ లేకపోతే చతికిలపడుతుంది. నెట్ బాగోలేదని అనుకుని పదేపదే ప్రయత్నించడం వృథా. పాండాస్ 2.0.3కు పైథాన్ 3.11 సరిపోతుంది. ఉన్నదాన్ని తీసేయకుండానే దాన్ని పక్కన వేసుకోవచ్చు.

ఒక్కో ప్రాజెక్టుకు వెన్వ్‌తో విడి గది కట్టుకుంటే ఒకదాని ప్యాకేజీలు మరొకదాని జోలికి రావు. అన్నీ కుదిరిన రోజునే 'పిప్ ఫ్రీజ్' ఇచ్చే వెర్షన్ల జాబితాను ఫైలుగా దాచి, పైథాన్ వెర్షన్‌నూ అందులో రాసి, ప్రాజెక్టుతోపాటు జూనియర్లకు అప్పగించాలి.