తంజావూరి ప్రదర్శనశాలలు: తెలుగువారి కొక సెలవుదినము

దక్షిణదేశమున తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములు పెక్కింటిలో ఒక విశేషము కానవచ్చును. ఇంట మాటలాడు భాష తెలుగు. బడిలో చదువుకొను భాష తమిళము. పిల్లలకు తెలుగు చెవికి తెలియును, కంటికి తెలియదు. పెద్ద లెన్నడో ఉత్తరమునుండి వచ్చిరన్న మాట తప్ప తమ పూర్వచరిత్రను గూర్చి వారికి చెప్పువారును తక్కువ. అట్టి కుటుంబ మొక సెలవుదినమును తంజావూరి కోటలోని ప్రదర్శనశాలలలో గడపినచో, పాఠ్యపుస్తకములలో విరివిగా లభింపని చరిత్ర కొంత కన్నులయెదుట నిలుచును. ఆ దినమున ఏమేమి చూడవలెనో, చూచినదాని నెట్లు గ్రహింపవలెనో ఇందు వివరింపబడుచున్నది.

కోట, దాని యేలికలు

లోనికి పోవుటకు ముందు ఏలినవారి వరుసను తెలిసికొనుట మేలు. విజయనగర సామ్రాజ్యమునకు లోబడి తంజావూరు నేలిన నాయకరాజులలో మొదటివాడు సేవప్ప నాయకుడు. ఆయన 1532 ప్రాంతమున అధికారము వహించెను. పిదప అచ్యుతప్ప, రఘునాథ, విజయరాఘవ నాయకులు క్రమముగా పాలించిరి. 1673లో మధుర నాయకులతో జరిగిన యుద్ధమున విజయరాఘవుడు మరణించెను. కొలదికాలమునకే శివాజీకి సవతితమ్ముడైన ఏకోజీ తంజావూరును వశపరచుకొనెను. నేడు మనము చూచు రాజమందిరము నాయకులు ప్రారంభింపగా మరాఠారాజులు పెంచినది. ఒకే ప్రాకారములో రెండు వంశముల కట్టడములు కలసియున్నవి.

కళాప్రదర్శనశాల

ఉదయమున చూడదగినది కళాప్రదర్శనశాల. ఇది 1951లో ఏర్పడినది. ఇందలి ముఖ్యభాగము నాయకరాజుల కొలువుకూటము. రాజులు కొలువుతీరిన వేదికపై నేడు మరాఠారాజు రెండవ శరభోజి పాలరాతి విగ్రహము నిలిచియున్నది. దానిని మలచినవాడు ఫ్లాక్స్‌మన్ అను ఆంగ్ల శిల్పి. నాయకుల మందిరము, మరాఠా ప్రభువు, ఆంగ్లేయుని ఉలి: తంజావూరి మూడు శతాబ్దముల చరిత్ర ఆ యొక్కచోట సంగ్రహముగా గోచరించును.

ఇచ్చటి కంచువిగ్రహములలో పెక్కులు చోళులనాటివి. వానిలో తిరువెంగాడునుండి వచ్చిన వృషభవాహనమూర్తి ఎదుట తప్పక కొంతసేపు నిలువవలెను. ఇది సుమారు మూడున్నర అడుగుల విగ్రహము. శివుడు ఒక కాలిపై భారముంచి, రెండవ కాలిని ఒయ్యారముగా మడచి, కుడిచేతిని నందిపై నానించినట్లు నిలిచియున్నాడు. కాని నంది లేదు. లేని నందిని చూపరి ఊహింపక తప్పదు. శిల్పి నేర్పు అట్టిది. ఆలయశాసనమునుబట్టి ఈ మూర్తి 1011 నాటిదనియు, ప్రక్కనున్న దేవి విగ్రహము మరుసటి యేటిదనియు తెలియుచున్నది. ఇట్లు కాలము నిశ్చయముగా తెలిసిన కంచుమూర్తులు అరుదు.

ఆ కాలమునకును తెలుగుదేశమునకును గల సంబంధము స్మరింపదగినది. అప్పుడు రాజ్యమేలుచున్న రాజరాజచోళుని కుమార్తె కుందవ వేంగీచాళుక్య ప్రభువైన విమలాదిత్యుని భార్య. వారి కుమారుడే రాజరాజనరేంద్రుడు. నన్నయభట్టు మహాభారతమును తెనిగింప బూనినది ఆయన కోరికమీదనే. తాతపేరే మనుమనికి పెట్టబడినది. కావేరీ గోదావరుల కీ బాంధవ్యము నేటిది కాదు.

సరస్వతీమహలు

మధ్యాహ్నము సరస్వతీమహలునకు కేటాయింపవలెను. ఈ గ్రంథాలయము నాయకరాజులనాడే పుట్టినది. 1798 మొదలు 1832 వరకు రాజుగానున్న రెండవ శరభోజి దీనిని మిక్కిలి పెంచెను; కాశీయాత్రకు పోయినప్పుడును గ్రంథములు సేకరించి తెచ్చెను. 1918లో ఇది ప్రజలకు తెరువబడినది. పరిశోధకులకు లోపలి భాండారము, సామాన్య సందర్శకులకు చిన్న ప్రదర్శనశాల ఉన్నవి. సంస్కృత, తమిళ, మరాఠీ గ్రంథములతోపాటు తెలుగు వ్రాతప్రతులును ఇచ్చట కలవు. సంస్కృత గ్రంథములు సైతము కొన్ని తెలుగు లిపిలో వ్రాయబడియున్నవి.

తాటియాకు గ్రంథమును చూచునప్పుడు దాని తయారీ తెలిసియుండవలెను. ఆకులను పదునుచేసి, సమముగా కోసి, రంధ్రము చేసి, త్రాట గ్రుచ్చి, రెండు చెక్కల నడుమ కట్టుదురు. వ్రాయుటకు సిరా లేదు, గంటముతో గీయవలెను. గీసిన గీతలలో మసి పూసి తుడిచినపుడు అక్షరములు నల్లగా తేలును. మసి పోయిన ఆకు చూచుటకు వట్టి ఆకువలెనే యుండును. వెలుతురునకు ఏటవాలుగా పట్టినగాని వ్రాత కానరాదు.

ఆ ఆకులలో నిలిచిన వాఙ్మయము సామాన్యమైనది కాదు. రఘునాథనాయకుడు తానే కవి. వాల్మీకిచరిత్రము ఆయన కృతి. చేమకూర వేంకటకవి విజయవిలాసమును ఆయనకే అంకిత మొసగెను. ఆ కొలువులోని రామభద్రాంబ సంస్కృతమున ఆయన చరిత్రనే కావ్యముగా రచించినది. విజయరాఘవుని ఆస్థానమున రంగాజమ్మ మన్నారుదాసవిలాసమును రచించెను. క్షేత్రయ్య పదములు పాడెను. ఇంతకంటె ఆశ్చర్యకరమైనది తరువాతి కథ. మరాఠారాజుల ఇంటిభాష మరాఠీ, ప్రజలభాష తమిళము. అయినను 1684లో రాజ్యమునకు వచ్చిన శాహజీ తెలుగున పల్లకిసేవాప్రబంధము రచించెను. ఏలిన వంశము మారినను సంగీతసాహిత్యములలో తెలుగుస్థానము చెదరలేదు. కావున తంజావూరున తెలుగు పొరుగూరినుండి వచ్చిన చుట్టము కాదు. ఆ యింట పెరిగిన బిడ్డ.

చెవిలో నిలిచినది, కంటికి దూరమైనది

సాయంకాలము తిరువయ్యారునకు పోవచ్చును. తంజావూరునుండి పదునైదు కిలోమీటర్లకు లోపుననే కావేరి యొడ్డున త్యాగరాజస్వామి సమాధి కలదు. 1847లో సిద్ధిపొందిన ఆ మహనీయుని తెలుగు కృతులను నేడు పాడువారిలో అనేకులు తమిళలిపిలో వ్రాసికొని నేర్చినవారే. మెలట్టూరులోను అంతే. అచ్యుతప్పనాయకుని దానముగా వెలసిన ఆ గ్రామమున, వేంకటరామశాస్త్రి తెలుగు నాటకములను నృసింహజయంతి దినములలో భాగవతమేళముగా ఆడుచున్నారు. అది మరొక సెలవుదినమున చూడదగినది.

ఉదయమునుండి చూచినదంతయు ఇచ్చట ఒక ప్రశ్నగా పరిణమించును. పాటగా నేర్చినది పాటగా నిలిచినది, ఆటగా నేర్చినది ఆటగా నిలిచినది. ఆకుపై గీసినది మాత్రము చదువువాడు లేనినాడు మూగవోవును. అద్దపుపెట్టె ఆకును కాపాడగలదు గాని అర్థమును కాపాడజాలదు. ఇంట తెలుగు మాటలాడు బాలుడు ఆ పెట్టె ముందు నిలిచి, లోపలిది ఏ భాషయని తండ్రి నడుగుట, తండ్రియు ప్రక్కనున్న ఫలకమును చదివి చెప్పుట సంభవించినచో, నష్టము ఎంతవరకు వచ్చినదో వేరుగ చెప్ప నక్కరలేదు.

దీనికి ఉపాయము కష్టమైనది కాదు. పయనమునకు పదిదినముల ముందే పిల్లలకు వర్ణమాల చూపి, "రఘునాథ", "విజయరాఘవ" అను రెండు పేర్లనైన చదువ నేర్పవలెను. నాటి వ్రాత నేటి అచ్చునకు కొంత భిన్నమైనను, పెట్టెలోని ఆకుపై తెలిసిన అక్షర మొక్కటి కానవచ్చినపుడు బాలునికి కలుగు సంతోషము పెద్దల బోధ వలన కలుగదు. రెండవది, ఇండ్లలో అటకలమీద తాటాకు కట్టలు, పాత దస్తావేజులు, వంశవృక్షములు ఉన్నచో, చదువరానివని వానిని కావేటిలో కలుపరాదు, పాతకాగితములవానికి వేయరాదు. తెలిసినవారికి చూపి, పేరు వ్రాయించి, ఛాయాచిత్రములు తీయించి, వీలైన గ్రంథాలయమునకు చేర్పవలెను. సరస్వతీమహలులోని గ్రంథములును ఒకనాడు ఎవరో ఒకరు పారవేయక దాచినవే.

సెలవుదినము ముగిసి ఇల్లు చేరినపుడు, ఆ రాత్రియే అటకపైని కట్టను దింపి దుమ్ము దులిపినచో, తంజావూరి యాత్ర సఫలమైనట్లే.